ఓబులమ్మ ఫిల్ము

ఎర్రదిన్నె,
12-8-1995

అన్న చెన్నకేశవకు చెల్లెలు ఓబులమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరమూ బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నువ్వు నమ్మొద్దు.

మొన్న శుక్రవారం మేకలకు ఆకు వేస్తుంటే మా అత్త మొదలుపెట్టింది. "ఎనిమిదేండ్లాయ. గొడ్డు గొర్రెను మందలో పెట్టుకోని ఎన్నాళ్లని మేపేది? మా తమ్ముని కూతురు ఎదిగొచ్చె. కార్తీకంలో తెచ్చుకుంటాం. నువ్వూ ఉండు, నిన్నేమన్నా పొమ్మంటాండామా?" అంది. మీ బావ అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని పెద్దాయన ఇంటికి పోయాడు. ఆయనకు ఇల్లంటే అదే. మా ఊరిని ఏలే ఆ పెద్దాయన జీపు దిగితే, సంచి చంకన పెట్టుకుని ముందు నడిచేది మీ బావే. ఆ సంచిలో ఏముంటుందో నీకు తెలుసు, నేను రాయను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మా ఊరి బడిలో చెప్పే అన్నమ్మ టీచరమ్మ నన్ను జమ్మలమడుగు తీసుకుపోయి స్కానింగ్ చేయించింది. చెంబులకొద్దీ నీళ్లు తాగి, ఒంటేలుకు పోకుండా కూర్చోవాలన్నారు. తాగి కూర్చున్నాను. కరెంటు పోయింది. "ఇంగ నా చేత కాదు టీచరమ్మా, ఈడనే అయిపోతాది" అని నేను ఏడుస్తుంటే ఆమె పక్కకు తిరిగి నవ్వుతుంది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చివరికి కరెంటు వచ్చింది. గర్భసంచి బాగుందట. గుడ్లూ బాగానే ఉన్నాయట. అయితే ఆ గుడ్డు వచ్చే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా, మూసుకుపోయాయా అనేది స్కానింగులో తెలియదట. లోపలికి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయాలట. అది ప్రొద్దుటూరులో తీస్తారట. నెల స్నానం అయ్యాక, పదో రోజు దాటకముందే రావాలట.

ఇంట్లో ఈ మాట ఎత్తలేను. వదినకు జబ్బుగా ఉందని మీ బావ పేరున ఒక కార్డు రాయి, పంపిస్తారు. నాకు రాసేవి మాత్రం టీచరమ్మ పేరున రాయి.

ఇట్లు,
అత్తగారింట్లో పేరు మారిన నీ చెల్లెలు,
ఓబులమ్మ


ప్రొద్దుటూరు,
19-8-1995

చిరంజీవి సౌభాగ్యవతి ఓబులమ్మను అన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం మీ వదిన చదివి వినిపించింది. వింటూ రెండుసార్లు లేచి బయటికి పోయాను. ఆ ముసలామె నా చెల్లెల్ని గొర్రె అంటుందా? గొర్రెల గురించి ఆమెకేం తెలుసు? పాతికేళ్లుగా పులివెందుల సంతలో జీవాలు కొని అమ్ముతున్నాను. గొర్రె ఈనకపోతే నేను ముందు పొట్టేలును చూస్తాను. ఈ మాట ఆమెతో అనలేవు, నాకు తెలుసు. ఊరికే రాశాను.

కార్డు రాశాను. టైఫాయిడ్ అని పెట్టాను. "నా అంత నిక్షేపంగా ఉండే మనిషి మీ సందులో ఇంకొకరుంటే చూపించు" అని మీ వదిన నవ్వుతోంది. ఆమె లేడీ డాక్టరమ్మతో మాట్లాడి వచ్చింది. ఆ ఎక్స్‌రే ఎట్లా తీస్తారో నాకు చెప్పబోతే వద్దన్నాను. మగవాడిని, నాకెందుకు? నువ్వూ రాయొద్దు. నిన్ను తీసుకుపోవడం, తీసుకురావడం నా పని.

ఒక్క సంగతి. మనది పులివెందుల పక్క ఊరు, మన వాళ్లది వేరే పార్టీ. మీ ఊళ్లో నేను కనిపిస్తే మీ పెద్దాయన మనుషులు పైకీ కిందికీ చూస్తారు. అందుకే ముద్దనూరు దగ్గరికి వచ్చి నిలబడతాను. నువ్వు అక్కడి దాకా బస్సులో రా.

ఆశీస్సులతో,
చెన్నకేశవ


ఎర్రదిన్నె,
6-9-1995

అన్నకు,

క్షేమంగా చేరాను. నీ ఎదురుగా ఉన్నప్పుడు నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు దారిలో ఎవరినో నరికారని బస్సులన్నీ ఆపేస్తే నా గుండె ఆగిపోయింది. చచ్చినవాడికోసం కాదు. ఆ దినం దాటితే మళ్లీ నెల ఆగాలని. మనుషులు చచ్చిపోతుంటే నాకు నా పదో రోజే ముఖ్యమైపోయింది చూడు. శెనగకాయల లారీ వాడిని బతిమాలి నువ్వు ఎక్కించకపోతే ఏమయ్యేదాన్నో.

లోపల ఎక్స్‌రే తీసేది మగమనిషి అని నాకెవ్వరూ చెప్పలేదు. డాక్టరమ్మ ఉంది, ఆయా షాహీదాబీ ఉంది, కానీ ఆయనా ఉన్నాడు. ఇనుప బల్ల చల్లగా ఉంది. షాహీదాబీ నా మొహం మీద తన కొంగు కప్పి "కండ్లు మూసుకో తల్లీ, నీకు ఎవరూ కనపడకపోతే నువ్వూ ఎవరికీ కనపడవు" అంది. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. నేను నమ్మాను. మిగతాది రాయను.

బయటికి వస్తే నీ కుర్చీ ఖాళీగా ఉంది. టీకి పోయావన్నారు.

ఆ ఎక్స్‌రే ఫిల్ము నీ దగ్గరే ఉంది కదా. డాక్టరమ్మకు చూపించాక వదిన పాత చీరలో చుట్టి పెట్టె అడుగున పెట్టించు. అందులో నా పేరు, వయసు అన్నీ రాసి ఉన్నాయి. నువ్వు కూడా చూడొద్దు. ఒట్టు.

ఓబులమ్మ


ప్రొద్దుటూరు,
15-9-1995

తల్లీ ఓబులమ్మా,

శుభం! ముందు ఆ మాట. నీలో ఏ లోపమూ లేదు.

నువ్వు చూడొద్దన్నావు. నేను తల వంచుకునే కూర్చున్నాను. డాక్టరమ్మ ఊరుకోలేదు. ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి "ఇటు చూడప్పా, నీ చెల్లెలికి నువ్వే గదా చెప్పాల్సింది" అంది. చూశాను. క్షమించు. అది ఎట్లా ఉందంటే పొట్టేలు తలలాగా ఉంది. నడుమ మూడు మూలల మొహం, రెండు పక్కలా సన్నటి కొమ్ములు. ఆ కొమ్ముల చివర్ల నుంచి మందు పొగలాగా బయటికి పోయి ఉంది. అట్లా పోయిందంటే దారి తెరుచుకుని ఉన్నట్టేనట. మూసుకుపోయి ఉంటే అక్కడే ఆగిపోయేదట.

ఇక మీ ఆయనను తీసుకురమ్మంది. ఆయనకు బల్ల లేదు, మందు లేదు, ఎక్స్‌రే లేదు. చిన్న డబ్బా ఒకటి ఇస్తారు, అంతే. "మామూలుగా ఆ పరీక్షే ముందు చేయించాలప్పా. మీవాళ్లు ఎప్పుడూ ఆడపిల్లనే ముందు పంపిస్తారు" అని నన్ను కోప్పడింది.

హైదరాబాదులో ముఖ్యమంత్రి మారిపోయాడు కదా, ఇక్కడ టీ అంగళ్లలో అదే గోల. ఎవరు ఏ కండువా వేసుకోవాలో తెలియక తిరుగుతున్నారు. మీ పెద్దాయన ఎటువైపు?

ఆశీస్సులతో,
చెన్నకేశవ


ఎర్రదిన్నె,
23-9-1995

అన్నా,

నీ ఉత్తరం టీచరమ్మ బడిలోనే చదువుకున్నాను. చదివి నీళ్లతొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కుని మళ్లీ చదివాను. లోపం లేదు, లోపం లేదు అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఎనిమిదేళ్లుగా తల వంచుకునే నడిచాను. ఆ రోజు మా వీధిలో గోడలు ఏ రంగులో ఉన్నాయో చూశాను.

కానీ మీ బావకు ఎట్లా చెప్పేది? పెద్దాయన ఏ పార్టీలో ఉండాలో తేల్చుకోలేక రోజూ సమావేశాలు. ఈయన ఇంటికి వచ్చేదే గగనం. మొన్న అన్నం పెట్టి "ఒక మాట చెప్తా, కోపం చేసుకోగూడదు" అన్నాను. "నీకూ ఇప్పుడే కావాల్నా?" అని చెయ్యి కడుక్కుని లేచాడు. నేను మెల్లగా, ఆయన మనసు బాగున్నప్పుడు చెప్పాలనుకున్నాను. అంత వ్యవధి లేదు. మా అత్త పోయి పెద్దాయన దగ్గర పంచాయితీ పెట్టించింది. ఒకటో తేదీ ఆదివారం. ఆడవాళ్లను పిలవరు. నా తరఫున మాట్లాడే దిక్కు లేదు.

నీకు ఇష్టం లేకపోయినా ఆ గడప తొక్కాలి అన్నా. నువ్వే రా. తప్పు నాది కాదని పది మందికీ తెలిసేటట్టు చెప్పు. గట్టిగా చెప్పు.

నీ మీదే ప్రాణం పెట్టుకున్న
ఓబులమ్మ


ప్రొద్దుటూరు,
3-10-1995

సౌభాగ్యవతి ఓబులమ్మకు,

గెలిచాం! ఆ రోజు నీతో చెప్పకుండానే రావలసి వచ్చింది. చీకటి పడకముందే ఊరు దాటమన్నారు, నా పార్టీ సంగతి తెలుసు కదా.

పంచాయితీ జరిగింది జరిగినట్టు రాస్తాను. పెద్దాయన మంచం మీద, మిగిలినవాళ్లు అరుగు మీద, పాతిక మందికి తక్కువ లేరు. మీ ఆయన స్తంభం పక్కన నిలబడ్డాడు. నేను చెప్పులు విడిచి నిలబడితే ఎవరో "పులివెందుల పొట్టేలు వచ్చిందిరో" అన్నాడు. మింగేశాను. నీకోసం మింగాను.

"మా చెల్లెలికి ఏ లోపమూ లేదు. ప్రొద్దుటూరులో పరీక్ష చేయించినాం" అన్నాను. పెద్దాయన నవ్వి "నీ చెల్లెలికి లోపముందని నువ్వే చెప్తావా ఏందప్పా? రుజువేది?" అన్నాడు. అది న్యాయమైన మాటే. సంతలో అయినా చూపించకుండా చెబితే ఎవరు నమ్ముతారు? నేను ఒట్టి చేతులతో పోలేదు. ఫిల్ము తీసి మంచం మీద పెట్టాను.

ఆయన ఎండకు ఎత్తి చూశాడు. "ఇదేందప్పా, గొర్రె తలకాయ మాదిరి ఉండాది" అన్నాడు. పొట్టేలు కొమ్ములు, పొగ, దారి అన్నీ విడమరచి చెప్పాను. ఒకరి చేతి నుంచి ఒకరికి పోయింది. "దీంట్లో బిడ్డ యాడ పండుకుంటాదప్పా?" అని ఒకడు అడిగితే నవ్వారు. నవ్వినా చివరికి ఒప్పుకున్నారు. పెద్దాయన తీర్పు ఇది: "సుబ్బయ్యా, ముందు నువ్వు పొయ్యి పరీక్ష చేపిచ్చుకో. అంతవరకూ రెండో పెండ్లి మాట లేదు." మీ ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఫిల్ము అడిగితే "ఉండనీప్పా, సుబ్బయ్య కాయితం గూడా రానీ, రెండూ ఒకచోట జూస్తాం" అని తన దగ్గరే పెట్టుకున్నాడు.

పది మందిలో తేలిపోయింది తల్లీ. ఇక నువ్వు తలెత్తుకుని తిరుగు.

ఆశీస్సులతో,
చెన్నకేశవ


ఎర్రదిన్నె,
9-10-1995

చెన్నకేశవన్నా,

తలెత్తుకుని తిరగమన్నావు. బోరింగు దగ్గర బిందె పెట్టేసరికి ఆడవాళ్లు మాట ఆపేశారు. మాబున్ని నాకు స్నేహితురాలు, దాచలేక చెప్పింది. "మా ఆయన నీ బొమ్మ చూసినాడంట ఓబులా. ఇంటికొచ్చి నేల మీద బొగ్గుతో గీసి చూపిచ్చినాడు" అంది. బొగ్గుతో! ఇప్పుడు ఈ ఊళ్లో నా పేరు గొడ్డుగొర్రె కాదు, పొట్టేలు. నీ నోటి నుంచి వచ్చిన పోలికే.

నేను నోటితో చెప్పమన్నాను. గట్టిగా చెప్పమన్నాను. చూపించమన్నానా? నిన్ను కూడా చూడొద్దన్నాను, ఒట్టు పెట్టాను. షాహీదాబీ నా మొహం మీద కొంగు కప్పింది. నువ్వు ఎండకు ఎత్తి పట్టించావు. పాతిక మంది మగవాళ్లు నా లోపలికి చూశారు. ఇప్పుడు వీధిలో వాళ్లు ఎదురైతే నేను చీర కట్టుకున్నానో లేదో తడుముకుంటున్నాను.

మీ బావ ఆ రోజు నుంచి ఇంటికి రాలేదు. పెద్దాయన మిద్దె మీదే పడుకుంటున్నాడు. వదినకు టైఫాయిడ్ అని చెప్పి వచ్చిన సంగతి కూడా నువ్వు ఆ అరుగు మీదే బయటపెట్టావు. నేను అబద్ధాలకోరునైపోయాను. ఆయన వెంట తిరిగేవాళ్లు "డబ్బా తెచ్చుకున్యావా సుబ్బయ్యా" అని అడుగుతున్నారట. బాంబుల సంచి చంకన పెట్టుకుని తిరిగే మనిషి, ఆ చిన్న డబ్బా మాటకు తల దాచుకుంటున్నాడు. ఆయన మీద నాకు కోపం రావాలి. జాలి వస్తోంది. కోపమంతా నీ మీదే ఉంది.

నా ఫిల్ము నాకు కావాలి. ఎట్లా తెస్తావో తే.

ఓబులమ్మ


ప్రొద్దుటూరు,
16-10-1995

అమ్మా,

నీ ఉత్తరం మీ వదిన చదవలేదు. "నువ్వే చదువుకో" అని నా ఒళ్లో పడేసి లోపలికి పోయింది. ఆమె నాతో మాట్లాడి వారమైంది. ఫిల్ము పెట్టెలోంచి ఎప్పుడు తీశానో కూడా ఆమెకు తెలియదు.

నిన్న సంతకు పోయాను. ఒక గొర్రెను కొనేవాడు వచ్చాడు. పళ్లు చూశాడు, తోక ఎత్తి చూశాడు, పొదుగు పిసికి చూశాడు. పక్కన ఉన్నవాళ్లూ తలా ఒక చెయ్యి వేశారు. ఎప్పుడూ జరిగేదే. నేనే పొగిడి చెబుతూ చూపిస్తాను. నిన్న ఆ గొర్రె మొహం పక్కకు తిప్పుకుని నిలబడి ఉంటే నాకు నువ్వు కనిపించావు. "అమ్మను పోప్పా" అని తోలుకుని వచ్చేశాను. వాడు నాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటాడు.

నిన్ను గెలిపించాలనే పోయానమ్మా. నాకు తెలిసిన రుజువు అదొక్కటే, పది మంది చూస్తే నిజం అని. అది నీ మీద ఎందుకు చెయ్యకూడదో నాకు ఆ నిమిషాన తోచలేదు. సిగ్గుగా ఉంది. అద్దంలో చూసి గడ్డం గీసుకోవాలన్నా సిగ్గుగా ఉంది.

ఫిల్ముకోసం మనిషిని పంపాను. "గ్రహణం పొయినాక రమ్మను" అన్నారట. ఎందుకో అర్థం కాలేదు. దీపావళికి సూర్యగ్రహణమని రేడియోలో చెబుతున్నారు, దానికీ దీనికీ ఏమిటి సంబంధం? నేనే వచ్చేదా?

చెన్నకేశవ


ఎర్రదిన్నె,
27-10-1995

అన్నా,

నువ్వు రావొద్దు. నేనే పోయి తెచ్చుకున్నాను.

గ్రహణం రోజు పొద్దున మా అత్త తలుపులు మూసి కుండల మీద గరిక వేసింది. ఎదురింటి కోడలు నెలలు నిండిన మనిషి, ఆమెను చీకటి గదిలో పడుకోబెట్టి కదలొద్దన్నారు. నన్ను లోపల ఉండమని ఒక్కరూ అనలేదు. నాకేం కీడు జరుగుతుందని? అప్పుడు మాబున్ని గోడ మీద నుంచి పిలిచింది. "ఓబులా, నీ ఫిలుము అడ్డం పెట్టుకోని మిద్దె మీద అందురూ సూర్యున్ని చూస్తాండారు" అంది.

గ్రహణం పోయాక రమ్మన్నది అందుకు.

నాకు ఏం వచ్చిందో తెలియదు. తలుపు తీసుకుని బయటపడ్డాను. మా అత్త వెనక నుంచి అరుస్తూనే ఉంది. వీధిలో పురుగు లేదు. ఎండ మసకగా, పొద్దు గూకేటప్పటిలాగా ఉంది. పెద్దాయన మిద్దె మెట్లు ఎక్కాను. ఈ ఊరి ఆడది ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. పెద్దాయన ఆకాశానికి మొహం ఎత్తి కంటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. నా గర్భసంచి మీద సూర్యుడు.

"అన్నా, అది నాది. ఇయ్యి" అన్నాను.

"ఉండుమ్మా, గ్రహణం ఇడిసినాక ఇస్తాంలే."

"ఇప్పుడే ఇయ్యాల."

సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా కదలలేదు. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మీ బావ దూరంగా పిట్టగోడకు ఆనుకుని, ఆకాశం వైపు కాకుండా కింద కసువు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనొక్కడే ఆ ఫిల్ములోంచి చూడలేదు. లేచాడు. వచ్చి పెద్దాయన చేతిలోంచి ఫిల్ము తీసుకున్నాడు. ఇయ్యమని అడగలేదు, తీసుకున్నాడు. వేలిముద్రలన్నీ తుండుగుడ్డతో తుడిచి నా చేతికిచ్చి "పద" అన్నాడు. మాకెవరూ అడ్డం రాలేదు. రేపు ఏం చేస్తారో తెలియదు.

ఇంటికి వచ్చాక గ్రహణం విడిచింది. ఆయన గడప దగ్గర కూర్చుని "ఒకసారి ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. వెలుతురుకు పెట్టి శానాసేపు చూశాడు. పొట్టేలు అనలేదు. "ఇది తీసేటప్పుడు నొప్పి పుట్టిందా?" అన్నాడు.

అన్నా, ఆ ఫిల్మును డాక్టరమ్మ చూసింది, నువ్వు చూశావు, ఊరంతా చూసింది. ఆ మాట ఎవ్వరూ అడగలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"పుట్టింది" అన్నాను.

"అరిచినావా?"

"అరిచినా. అన్నా అని అరిచినా."

ఆయన మొహం అటు తిప్పుకుని, "నాకు చేసేదాంట్లో గూడా నొప్పి ఉంటాదా?" అని అడిగాడు.

"నొప్పేం ఉండదంట. సిగ్గొక్కటే" అన్నాను.

గురువారం వస్తున్నాము. ఆయనలో లోపం ఉందంటే ఏం చేస్తామో, లేదంటే మా అత్త మళ్లీ ఏ ముహూర్తం పెడుతుందో నాకు తెలియదు. అది తర్వాతి సంగతి. నువ్వు ఆ రోజు ఇంట్లో ఉండొద్దు, సంతకు పో. ఆయనకు నీ మొహం చూడాలంటే సిగ్గు. నాకు నీ మీద కోపం తగ్గింది, సిగ్గు తగ్గలేదు. తగ్గినప్పుడు నేనే రాస్తాను. వదినను అన్నం వండి పెట్టమను.

ఆ గది బయట కుర్చీలో ఈసారి నేను కూర్చుంటాను. టీకి పోను.

ఓబులమ్మ